కల్లంలో ఒకటే కుప్ప

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చో, నాయనా. ఆ గోడకు ఆనుకోకు, నిద్ర ముంచుకొస్తుంది. తిన్నావు కదా? తినకపోతే ముందు తిని రా. ఇది రొట్టెల కథ. ఆకలి మీద వింటే సగంలోనే లేచి పొయ్యి దగ్గరికి పోతావు, మిగతా సగం గోడ వినాల్సి వస్తుంది. తిన్నావా? అయితే విను.

ఆళ్లగడ్డ నుంచి నల్లమల వైపు పోయే దారిలో పెద్దదిన్నె అని ఒక ఊరుండేది. నల్లరేగడి నేల. వాన పడితే కాలి చెప్పు లాక్కునేది, ఎండ కాస్తే పగుళ్లలో కోడిపిల్ల పడితే మళ్లీ దొరికేది కాదు. ఆ నేలలో పచ్చజొన్న పండేది, గింజ పసుపు రంగులో బంగారు పూసలా ఉండేది. ఆ రొట్టె పొద్దున కాలిస్తే సాయంత్రానికి కూడా మెత్తగా మడత పడేది. చొప్పేమో మనిషి చెయ్యెత్తినా అందనంత పొడుగు. మనుషులకు గింజ, ఎద్దులకు చొప్ప. ఊరంతా ఆ జొన్న మీదే బతికేది.

ఆ ఊరి చర్చి పేటలో సారమ్మ ఉండేది. నలభై దాటిన మనిషి, సన్నగా చువ్వలా ఉండేది. కోతకు పోయే ఆడవాళ్ల ముఠాకు ఆమే పెద్ద. ఎవరి చేలో ఎప్పుడు దిగాలో, ఎవరు ఏ సాలు పట్టాలో, ఎవరి చంటిబిడ్డకు ఎక్కడ ఊయల కట్టాలో అంతా ఆమె నోటి మీదే నడిచేది. మొగుడు దేవదానం మెత్తని మనిషి. ఆదివారం చర్చి గంట కొట్టడం, మిగతా రోజులు సారమ్మ చెప్పింది చేయడం అతని పనులు. రెండూ శ్రద్ధగానే చేసేవాడు.

కోతకు కూలి డబ్బులు కాదు, గింజలు. పొద్దు వాలినాక కల్లంలో కుప్ప చుట్టూ నిలబడితే రైతు శేరుతో కొలిచి ఒళ్లో పోసేవాడు. పేటలో ఇళ్లకు ఏడాది తిండి అదే. రైతు ఇంటి గాదెలోకి పోయేది ఆ కుప్పే, పేట కుండల్లోకి పోయేది ఆ కుప్పే. ఊళ్లో మిగతావన్నీ వేరువేరు. నీళ్ల బావి వేరు, టీ తాగే గ్లాసు వేరు, కూర్చునే చోటు వేరు. గింజ ఒక్కటే రెండు పక్కలా ఒకటి.

ఎమర్జెన్సీ పోయి జనం మళ్లీ గొంతెత్తి మాట్లాడుకోవడం మొదలుపెట్టిన మరుసటి యేడు, ఊళ్లో పెద్ద రైతు చెన్నకేశవులు నంద్యాలకు పోయి హైబ్రిడ్ తెల్లజొన్న విత్తనం తెచ్చాడు. పచ్చజొన్న పండే చోట రెండింతలు పండుతుందని అక్కడ చెప్పారట. విత్తనం మాత్రం యేడాదికోసారి మళ్లీ కొనాలట. "మన విత్తనాన్నే మనం కొనుక్కోవాల్నా?" అని ఊరంతా నవ్వింది. పైరు మోకాలు దాటి నడుము దగ్గర ఆగిపోతే ఇంకా నవ్వింది. "చెన్నకేశవులప్పా, ఇది చేనా, పెరడా?" అని ఎగతాళి చేసింది. తర్వాత కంకులు వచ్చాయి. ఒక్కో కంకి రోకలి తలంత. నవ్విన నోళ్లు మూసుకొని, గట్టు మీద నిలబడి ఊరికే చూసిపోయేవి.

చెన్నకేశవులు ఆరెకరాలు తెల్లజొన్న వేసి, రెండెకరాలు పచ్చజొన్నకు వదిలాడు. ఎద్దులకు చొప్ప కావాలి కదా. ఇంకా పెద్ద కారణం ఇంట్లో ఉంది. ఆయన తల్లి రంగనాయకమ్మ.

రంగనాయకమ్మ డెబ్బై దాటిన మనిషి. రొట్టె ముక్క నోట్లో వేసుకొని, ఈ జొన్న వాగు పక్క చేనిదా, దిన్నె మీది చేనిదా చెప్పగలదని ఆమెకు పేరు. ఒకసారి బనగానపల్లెలో చుట్టాల పెళ్లికి పోతూ తన రొట్టెలు తనే మూట కట్టుకుపోయింది. వాళ్లు అలిగితే, "మీ పెండ్లికొడుకును మెచ్చుకున్నా గదా, రొట్టెను గూడా మెచ్చుకోవాల్నా?" అనింది. నోట్లో పొద్దస్తమానం తాంబూలం నలుగుతూనే ఉండేది. అంత సున్నం తిన్న నాలుకకు రుచి ఎంత తెలుసో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

కోత దగ్గర పడింది. చెన్నకేశవులు చేని గట్టు మీద సారమ్మను పట్టుకున్నాడు.

"సారమ్మా, బేగా దిగల్ల. బేస్తవారం నంద్యాల నుంచి విత్తనం వాళ్ల జీపు వస్తాంది. కోసి, కాటా వేసి చూస్తారంట. నా చేనే చూస్తారంట!"

"దిగుదాం అప్పా. కూలేంది?"

"ఎప్పటి మాదిరే. గింజలు. తెల్లవి."

"ఇంట్లోకి?"

"ఇంట్లోకి పచ్చజొన్న రెండెకరాలు పెట్టినా గదా."

సారమ్మ కొడవలి చంకలో పెట్టుకుంది. "అంటే మీకు పచ్చవి, మాకు తెల్లవి."

"జొన్న జొన్నే గదమ్మే!"

"జొన్న జొన్నే అయితే మీరే తినండి."

"మా యమ్మ సంగతి నీకు తెల్దా? సచ్చినా ముట్టదు."

"తెల్సు. అందుకే చెప్తాండా. మీ యమ్మ తింటే మేమూ తింటాం. ఆమె ముట్టనిది మాకు కొలవగాకు."

చెప్పి, వెనక్కి చూడకుండా పోయింది. రంగనాయకమ్మ తినేదీ లేదు, ఈ కుప్ప రెండయ్యేదీ లేదని ఆమె ధీమా.

ఇక్కడ ఒక మాట నీ చెవిలో వేయాలి. సారమ్మ అప్పటికే తెల్లజొన్న తినింది. పిట్టలు రాల్చిన కంకులు నాలుగు దేవదానం ఏరుకొస్తే, విసిరి వండి చూసింది. సంగటి బాగానే కుదిరింది. రొట్టె పెనం మీద పగిలింది. మర్నాడు నీళ్లకు బదులు మరిగే గంజి పోసి పిసికితే అదీ కుదిరింది. దేవదానం వేళ్లు నాకి, "బాగుండాదే!" అన్నాడు. "ఆ మాట పేటలో అన్నావంటే నీకు ఇంగ సంగటీ ల్యా, రొట్టే ల్యా" అనింది సారమ్మ. ఆమె పట్టుదల రుచి గురించి కాదు. ఈ యేడు కుప్పలు రెండైతే, వచ్చే యేడు కొలిచే శేర్లు రెండవుతాయి. తర్వాత మంచి గింజ ఇంటికి, పురుగు పట్టింది పేటకు. ఆ దారి ఎక్కడికి పోతుందో ఆమెకు తెలుసు.

రెండు రోజులు గడిచాయి. చుట్టుపక్కల ఊళ్లలో పచ్చజొన్న ఇంకా పాల మీదే ఉంది. ముందే విత్తడంతో పచ్చవైనా తెల్లవైనా పండిన గింజ చెన్నకేశవులు చేలోనే ఉంది. ఆ కబురు పిట్టలకు ఎవరు చెప్పారో గానీ, ఆళ్లగడ్డ చుట్టూ ఉన్న పిట్టలన్నీ అక్కడే దిగాయి. చెన్నకేశవులు ఒడిసెల తిప్పీ తిప్పీ భుజం జారేసుకున్నాడు. పక్క ఊరి ముఠాను పిలిచి చూశాడు. వాళ్లు, "సారమ్మ దిగని చేలో మేం దిగం" అన్నారు.

పేటలోనూ ధైర్యం సన్నగిల్లింది. ముఠాలో ఏసమ్మ అందరికంటే ముందు భయపడే మనిషి. "అక్కా, పట్టు పట్టి పట్టి ఉన్న కూలీ పోగొట్టుకుంటామేమో. పిట్టలు తినినాక మనకేం కొలుస్తాడు, రెక్కలా?" అనింది.

"ఆయప్పకు జీపు వస్తాంది. మనకేం వస్తాంది? కూచోండి" అనింది సారమ్మ. పైకి అనింది గానీ ఆ రాత్రి ఆమెకూ సరిగ్గా నిద్ర పట్టలేదు.

మంగళవారం మధ్యాహ్నం చెన్నకేశవులు కబురు పెట్టాడు. సారమ్మ పోయి చూస్తే, రంగనాయకమ్మ అరుగు మీద కాళ్లు చాపుకొని ఎర్రకారంతో రొట్టె తింటోంది. రొట్టె పచ్చగా మెరుస్తోంది. చెన్నకేశవులు సారమ్మను బండి చాటుకు పిలిచాడు.

"చూస్తివా? అది తెల్లజొన్న."

"పచ్చగా ఉండాది గదప్పా!"

"మా ఇంటామె రామేశ్వరమ్మ పిండిలో చిటికెడు పసుపు వేస్తాంది." ఆయన నవ్వు ఆపుకోలేక పంచె కొంగు నోట్లో కుక్కుకున్నాడు. "ఆదివారం నుంచి అదే తింటాంది మా యమ్మ."

"అది మోసం అప్పా."

"నువ్వేమన్నావ్? మీ యమ్మ తింటే అన్నావ్. తెలిసి తింటే అన్నావా?"

సారమ్మ గట్టు మీద తనన్న మాట గుర్తు చేసుకుంది. అనలేదు మరి.

అంతలో అరుగు మీది నుంచి కేక. "ఏమ్మే సారమ్మా, ఆడ గుసగుసలేంది? ఈ యేడు పచ్చజొన్న చూసినావా? మా మామ కాలం రుచి వచ్చింది. వాగు పక్క చేనిది. ముక్క నోట్లో పెడితే చెప్తా!"

బండి చాటున చెన్నకేశవులు వంగిపోయి నవ్వాడు. "రేపు దిగుతావా, ఎల్లుండి దిగుతావా?"

"రేపు పొద్దు తిరిగినాక చెప్తా" అని సారమ్మ ఇంటికొచ్చింది.

ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుంది. ముసలామెకు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పేయొచ్చు. చెప్తే కోడలు రామేశ్వరమ్మ చీపురు దెబ్బలు తింటుంది. ఆ పిల్ల మంచిది, కల్లం రోజుల్లో అత్త కంటపడకుండా పేట పిల్లలకు బెల్లం ముక్కలు పంచేది. పైగా ఇంటి గుట్టు బయటపెట్టిన ముఠాను మళ్లీ ఏ రైతు పిలుస్తాడు? గుట్టు దానంతట అది బయటపడాలి. సారమ్మ నోరు మూసుకునే ఉండాలి. ఎట్లా?

ఆలోచిస్తూ ఆలోచిస్తూ దేవదానాన్ని అడిగింది. "మీ చిన్నాయన కొలిమిగుండ్ల నుంచి తెచ్చిన సున్నం ఉండాదా?"

"గోడకు పూద్దామని పెట్టినా."

"కొంచెం తే. మెత్తగా నానబెట్టు."

"దేనికి?"

"తాంబూలానికి."

"నువ్వు తాంబూలం ఎప్పుడు తిన్యావే?" అన్నాడు దేవదానం. సారమ్మ చూసిన చూపుకు ఇంకేం అడగకుండా లేచి పోయాడు.

బుధవారం మధ్యాహ్నం, రంగనాయకమ్మ రొట్టెల బుట్ట ముందు పెట్టుకునే వేళకు సరిగ్గా, సారమ్మ అరుగు కింద నిలబడింది. చేతిలో ఆకు పొట్లం.

"అవ్వా, కొలిమిగుండ్ల సున్నం. మా ఇంట్లో తాంబూలం తినేవాళ్లు ల్యారు. నీకైతే పనికొస్తాదని తెచ్చినా."

ముసలామె కళ్లు వెలిగాయి. "అరుగు మీద పెట్టు. మంచిదేనా? ఈ మధ్య అంగట్లో సున్నం సుద్దముక్క మాదిరి ఉంటాంది."

"నువ్వే చూడవ్వా. ఘాటు నీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తాది?"

రంగనాయకమ్మ ఎడమ చేతి వేళ్లతో సున్నం తీసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దింది. కళ్లు మూసుకొని వాసన చూసింది. "బాగుండాదే!" అనింది.

"అవ్వా, ఆ రొట్టె రంగు ఏం రంగవ్వా! ఈడికే మెరుస్తాంది. నాకు సరిగ్గా కనపడల్యా."

అంతే. పొగిడితే ముసలామె ఆగే మనిషి కాదు. బుట్టలోంచి ఒక రొట్టె ఎడమ చేత్తో తీసి, జెండాలా పైకెత్తి పట్టుకుంది. "చూడు మే! కండ్లు పెద్దవి చేసుకొని చూడు. పచ్చజొన్న అంటే ఇదీ! ఇట్లాంటి రొట్టె ఆళ్లగడ్డలో ఇంకో ఇంట్లో ఉంటే నా పేరు మార్చుకుంటా."

సారమ్మ కళ్లు పెద్దవి చేసుకొనే చూసింది. ముసలామె బొటనవేలు ఆనిన చోట రొట్టె మీద ఎర్రగా ఒక మచ్చ లేచింది. చూస్తుండగానే కుంకుమ బొట్టంత అయింది.

రంగనాయకమ్మ రొట్టె దించి చూసుకుంది. వేలు చూసుకుంది. ఇంకోచోట నొక్కి చూసింది. అక్కడా ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసి ఎన్ని పెళ్లిళ్లలో దిష్టి తీసిందో ఆమె. ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

"రామేశ్వరీ!"

వాకిట్లో గింజలు ఏరుకుంటున్న కోడి కూడా ఆగింది. కోడలు వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కేక విని చెన్నకేశవులు కొట్టం లోంచి పరుగెత్తుకొచ్చాడు.

"రొట్టెలో పసుపు యాల?"

కోడలు మొగుణ్ని చూసింది. మొగుడు ఎద్దును చూశాడు. ఎద్దు ఎవరినీ చూడలేదు.

రంగనాయకమ్మకు అంతా అర్థమైంది. ఆదివారం నుంచి తను అన్న మాటలన్నీ చెవుల్లో మోగాయి. మామ కాలం రుచి. వాగు పక్క చేను. అరుగు కింద సారమ్మ నిలబడి ఉంది. సాయంత్రానికి పేటకు తెలుస్తుంది, రేపటికి బనగానపల్లె చుట్టాలకు తెలుస్తుంది. ముసలామె మెల్లగా ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. మింగింది.

"నాకు మొదటి రోజే తెల్సు" అనింది.

"ఏంది తెల్సు?" అన్నాడు చెన్నకేశవులు.

"ఇది తెల్లజొన్నని. రంగనాయకమ్మ నాలుకంటే ఏమనుకున్యారు? మీరు ఎన్ని దినాలు ఆడుకుంటారో చూద్దామని ఊరికే ఉన్యా."

తెలిసే తింటే సారమ్మ పెట్టిన షరతు తీరినట్టే. తను వేసిన ఎత్తుకు తనే చిక్కింది. చెన్నకేశవులు ముఖం పున్నమి చంద్రుడైంది.

"విన్నావా సారమ్మా? తెలిసే తింటాంది మా యమ్మ! ఇంగేం మాట్లాడతావ్?"

"ఇంగేముంది అప్పా" అనింది సారమ్మ, కొంగు దులుపుకుంటూ. "అన్న మాట అన్నట్టే. పొద్దున్నే దిగుతాం. ఇంట్లో అందరూ తెల్లదే తింటాంటే మాకేం నొప్పి?"

అందరూ అనే మాటను కొంచెం సాగదీసింది. అంతే చేసింది.

రంగనాయకమ్మ నమలడం ఆపింది. "అందరూనా?" కొడుకు వైపు తిరిగింది. "రామేశ్వరీ, వీని రొట్టె తే."

పిలవడమే ఆలస్యం, రామేశ్వరమ్మ పళ్లెంతో సహా వచ్చేసింది. పాపం, ఆదివారం నుంచీ పూటకు రెండు పిండ్లు పిసుకుతోంది. అత్తకు పసుపు వేసింది, మొగుడికి వేయనిది. చేతులు పడిపోయాయి. ఈ గోల ఎట్లా తెగినా ఆమెకు మేలే.

రంగనాయకమ్మ సున్నం వేలితో కొడుకు రొట్టె మీద గట్టిగా నొక్కింది. చూసింది. ఇంకోసారి నొక్కింది. పచ్చరొట్టె పచ్చగానే ఉంది. తెల్ల సున్నం మరక తప్ప ఇంకేం లేదు.

"ఇది అసలైన పచ్చజొన్న" అనింది మెల్లగా. "అమ్మకేమో పసుపు. వీనికేమో పచ్చజొన్న."

"అది కాదమ్మా..."

"నోర్ముయ్! రెండెకరాలు పచ్చజొన్న ఎవరి కోసం పెట్టినావ్? మా యమ్మ తినదని ఊరంతా చెప్పినావ్. తినేది నువ్వా?"

చెన్నకేశవులు భుజం తడుముకున్నాడు. ఒడిసెల నొప్పి అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

రంగనాయకమ్మ రొట్టెల బుట్ట పక్కకు తోసింది. "ఇను. అమ్ముకునేది నీ ఇష్టం, తెల్లదే అమ్ముకో. తినేదానికీ కూలికీ మటుకు కల్లంలో ఒకటే కుప్ప. పచ్చవీ తెల్లవీ కలిపి పోయి. ఆ కుప్పలోంచే మన గాదెకు, ఆ కుప్పలోంచే వీళ్లకు. నా కొడుకు ఏరుకొని తినేదేందో నేనూ చూస్తా."

అడిగినదే దొరికింది, అదీ ఎదురుచూడని చోట. కానీ సారమ్మ సారమ్మే కదా. గెలిచిన ఊపులో ఇంకొంచెం లాగుదామనుకుంది.

"అవ్వా, చల్లగుండాల. ఇంగ ఆ శేరు గూడా కర్రతో సమం చేయకుండా గోపురం మాదిరి కొలిస్తే..."

"యాల?"

"కలిపిన గింజ రొట్టె పగుల్తాది గదవ్వా. సగం పెనం మీదే పోతాది. నీళ్లతో కుదరదు, మరిగే గంజి పోసి పిసకల్ల..."

అనేసి నాలుక కరుచుకుంది. ఆలస్యమైంది. రంగనాయకమ్మ తల వంచి, కోడి పురుగును చూసినట్టు ఆమెను చూసింది.

"గంజి పోసి పిసికితే కుదుర్తాదని నీకెట్ల తెల్సు మే?"

"అది... ఊరికే అనుకున్యా."

"అనుకుంటే గంజి మరిగినదా కాదా గూడా తెలుస్తాదా? ఎన్ని దినాల నుంచి తింటాండావ్?"

చెన్నకేశవులు నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. రంగనాయకమ్మ మాత్రం కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. అరుగు మీది తాంబూలం పెట్టె కింద పడింది.

"శేరు సమంగానే కొలుస్తారు పో. నువ్వు నన్ను దిగ్గొట్టినావ్, నేను నిన్ను దిగ్గొట్టినా. రామేశ్వరీ, ఆ గంజి సంగతి దీన్ని అడిగి నేర్చుకో. నీ రొట్టె అంచులు పగుల్తాండాయని నేను నోరు తెరిచి చెప్పల్యా అంతే!"

బేస్తవారం పొద్దు పొడవకముందే ముఠా చేలో దిగింది. పిట్టలు లేచి పోయాయి. జీపు వచ్చింది, కాటా వేశారు, ఎక్కువ పండిందని మెచ్చుకున్నారు. సాయంత్రం కల్లంలో తినే కుప్ప వేరే పోశారు, పచ్చవీ తెల్లవీ కలిపి. ప్యాంటు వేసుకున్న ఒకాయన, "అమ్మా, మంచి గింజలు ఎందుకు కలిపినారు?" అని అడిగాడు.

"మా ఇంట్లో అత్తాకోడండ్లు కలిసి ఉండల్యా? జొన్నలు కలిస్తే నీకేం నొప్పి?" అనింది రంగనాయకమ్మ. ఆయన ఆ మాట కాగితం మీద రాసుకోలేదు.

మొదటి శేరు చెన్నకేశవులు సారమ్మ ఒళ్లో పోశాడు. ఆమె గింజల్లో చెయ్యి పెట్టి కలిపి చూసుకుంది. పచ్చవి ఉన్నాయి, తెల్లవి ఉన్నాయి. వెనకాల నిలబడిన ఏసమ్మ కూడా తన వంతు వచ్చినప్పుడు అట్లాగే చూసుకుంది. ఆ వెనకాల ఆడవాళ్లందరూ చూసుకున్నారు. తర్వాతి శేరు అదే కుప్పలోంచి రైతు ఇంటి గంపలో పడింది. సారమ్మ వంగి ఆ గంపలోకీ ఒకసారి తొంగి చూసి, అప్పుడు గానీ కల్లం దిగలేదు.

మరుసటి యేడు ఊళ్లో ఇంకో నలుగురు తెల్లజొన్న వేశారు. వేసే ముందు నంద్యాలలో ఎకరాకు ఎంత పండుతుందని అడిగారు. ఊరికొచ్చి సారమ్మను అడిగారు, ఎన్ని ఎకరాలు పచ్చజొన్న కలిపితే ముఠా దిగుతుందని.

ఇదీ కథ. బుర్రలో గట్టిగా పెట్టుకో నాయనా. నీకు పిల్లలు పుట్టినాక చెప్పు, వాళ్ల పిల్లలకూ చెప్పమను. ఎప్పుడైనా ఎవరైనా కొత్త విత్తనం సంచి పట్టుకొని వస్తే, ఎకరాకు ఎన్ని బస్తాలో వాళ్లు చెప్పడం పూర్తి కానీ, అడ్డం పడకు. ఊపిరి తీసుకోవడానికి ఆగుతారు చూడు, అప్పుడు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి ఈ కథ చెప్పు. ఎక్కడైనా మర్చిపోతే నీ ఇష్టం వచ్చింది కలుపుకో. సారమ్మ పేరు మాత్రం మార్చవద్దు.